దారి తెలిసిన కణాలు

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన సుధాకర్,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చెల్లెలికి చిత్తూరులోనే ఉద్యోగం దొరికింది. మిగతా కబుర్లు తర్వాత. మొన్న ల్యాబులో చూసినది నీకు చెప్పనిదే నా మనసు నిలవడం లేదు.

పండ్ల ఈగ పిండంలో, రేపు గుడ్లుగానో వీర్యకణాలుగానో మారవలసిన బీజకణాలు తాము ఉండవలసిన చోట పుట్టవు. పిండం వెనుక కొసన 30–40 కణాలుగా ఏర్పడి, పిండం ముడుచుకునేటప్పుడు పేగు సంచిలోకి చేరి, ఆ గోడ కణాల సందుల్లోంచి బయటికి వచ్చి, కుడి ఎడమలుగా విడిపోయి, బీజకోశాన్ని నిర్మించే కణాలను కలుసుకుంటాయి. 25 డిగ్రీల వేడిమిలో దాదాపు ఒక రోజుకే లార్వా బయటికి వస్తుంది కదా, ఈ ప్రయాణమంతా అంతకు ముందే ముగిసిపోవాలి.

మరి దారి ఎవరు చూపిస్తారు? చంద్రగిరి కోట మెట్ల మీద నువ్వు లేవదీసిన ప్రశ్న ఇదే! గోడ దాటడానికి బీజకణాలలోనే ట్రీ1 అనే గ్రాహకం, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రోటీను, పనిచేయాలి. దాటిన తర్వాత, పేగు అడుగుభాగంలో వునెన్ అనే జన్యువు తయారుచేసే ఎంజైము వాటిని అటువైపు ఉండనివ్వక పైకి తరుముతుంది. ఈ సంగతి 1997లో తెలిసింది. మరుసటి ఏడాది రూత్ లేమన్ అనే జీవశాస్త్రవేత్త బృందం ఆకర్షించే వైపును పట్టుకుంది: హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము, మన ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీకి కావలసినదే. సుధా, మీ నాన్నగారు కొలెస్ట్రాల్ కోసం వేసుకునే స్టాటిన్ మాత్ర అడ్డుకునేది సరిగ్గా ఈ ఎంజైమునే! ఈగ తన కొలెస్ట్రాలును తాను తయారుచేసుకోలేదు, ఆహారం నుంచే తీసుకుంటుంది. అందుకే ఇక్కడ ఆ ఎంజైము పని వేరు. అదే రసాయన మార్గంలోని మరో కొమ్మ, ఐసోప్రినాయిడ్లు అనే కొవ్వు జాతి పదార్థాలను తయారుచేసేది, బీజకణాలను పిలవడానికి కావాలని 2004లో తేలింది.

నేను చూసిన స్లైడులో బీజకణాలకు మాత్రమే రంగు పట్టేలా వాటిలో ఉండే వాసా ప్రోటీనుకు యాంటీబాడీ (దానికే అంటుకునే మరో ప్రోటీను) వేశారు. మామూలు పిండంలో అవి రెండు చక్కని గుంపులుగా ఉన్నాయి. ఆ ఎంజైము జన్యువు చెడిన పిండంలో మాత్రం ఎక్కడివక్కడ చెదిరిపోయి ఉంటే, వాటిని చూస్తూ నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నిజంగా బాధ కలిగింది. అంతలోనే మా మేడం చెప్పిన మాట నన్ను పట్టుకుని ఊపేసింది: అదే జన్యువును నాడీ కణజాలంలో పనిచేయించినప్పుడు బీజకణాలు తమ గమ్యాన్ని వదిలి అటే వెళ్లాయట! కేవలం అవసరమైనది మాత్రమే కాదు, పిలుపుగా కూడా అది చాలునని ఇంతకంటే సూటిగా చూపగలమా?

వునెన్ సంగతి ఇంకా విచిత్రం. దానిని పిండం మధ్య పొరలో ఎక్కువగా పనిచేయిస్తే బీజకణాలు చచ్చిపోతాయి. అయినా అదే కుటుంబపు ఎంజైము బీజకణాలలో లేకపోతే అవి బతకవు. అంటే తరిమేది, బతికించేది ఒకటే అయితే, బీజకణానికీ చుట్టుపక్కల కణాలకూ మధ్య ఏదో ఒక లిపిడు (కొవ్వు పదార్థం) కోసం పోటీ... తపాలా పెట్టె తెరిచే వేళయింది. దీని బొమ్మ గీసి మరో ఉత్తరంలో పంపుతాను.

నీ
మురళి