నాయిన పిక్క కొలిచి పంపు

అరేయ్ నర్సింహా,

ఎట్లున్నవ్? హెల్త్ క్యాంపులో నాయినకు బీఎంఐ, అదే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే అంకె, 22 వచ్చిందని, నార్మల్ అన్నారని రాశావు. పిల్లలు పాసైనంత సంబరం కనిపించింది నీ ఉత్తరంలో. నాకైతే ఆ 22 మీద నమ్మకం కుదరట్లేదు.

బరువు 52 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు అన్నావు కదా. నాయిన ఎప్పుడు అంత పొట్టి? పీర్ల పండుగకు పీరు ఎత్తుకుంటే గుంపులో ఆయన తలే ముందు కనిపించేది. తక్కువలో తక్కువ 165 ఉండేవాడు. మన మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగినోళ్ల సంగతి నీకు చెప్పాలా? ఫ్లోరైడ్‌తో వెన్ను బిగుసుకుని వంగింది. వంగిన మనిషిని గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు తగ్గుతుంది, బీఎంఐ పెరుగుతుంది. అదే 52 కిలోలకు పాత ఎత్తు వేసి చూడు, 19 వస్తుంది. నార్మల్ అన్నది వంగిన నడుము చేసిన మాయ!

అసలు ఈ లెక్క ముసలోళ్ల కోసం పుట్టింది కాదు. 1830లలో బెల్జియంలో కెట్లే అనే గణిత పండితుడు జనం సగటు చూడటానికి కట్టిన లెక్క ఇది. బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. 65 దాటినవాళ్ల విషయంలో 2014లో దాదాపు రెండు లక్షల మంది వివరాలు కలిపి చూస్తే, బీఎంఐ 23 కంటే తగ్గినకొద్దీ చావు ముప్పు పెరిగింది. కొంచెం ఒళ్లున్నవాళ్లే నయమనిపించుకున్నారు. నీకూ నాకూ పొట్ట తగ్గించమంటారు చూడు, ఆ సలహా నాయినకు పనికిరాదు. అట్లని నెయ్యి పోసి లావు చేస్తే ఆయుష్షు పెరుగుతుందనుకోకు. లోపల జబ్బు ఉంటే కూడా మనిషి చిక్కుతాడు, కాబట్టి ముందు ఆ కారణం పట్టుకోవాలి.

నాకు నచ్చిన కొలత పిక్క. వయసు మీద పడితే కండ ఎంత మిగిలిందో అక్కడ తెలుస్తుంది. టైలర్ టేపు చాలు. నాయినను కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ బిగించకుండా చుట్టు. రెండు కాళ్లూ చూడు. మన ఆసియా వాళ్లకు 2019లో పెట్టిన హద్దు మగవాళ్లకు 34 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 33. అంతకు తగ్గితే కండ కరుగుతోందని అనుమానించాలి. కాళ్లకు వాపుంటే మాత్రం టేపు అబద్ధం చెప్తుంది, బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో ముందు చూసుకో.

టేపు దొరక్కపోతే జపాన్ వాళ్ల పద్ధతి ఉంది. నాయిననే తన రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి పిక్క చుట్టూ పట్టుకోమను. వేళ్లు కలిసి ఇంకా సందు మిగిలితే మంచిది కాదు.

చేతి పట్టు కూడా గమనించు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 17 దేశాల వాళ్లను, మనవాళ్లతో సహా, చూశారు. పట్టు ప్రతి 5 కిలోలు తగ్గినప్పుడల్లా మరణ ముప్పు 16 శాతం ఎక్కువ కనిపించింది. బీపీ అంకె కంటే పట్టే మెరుగ్గా చెప్పింది! అయితే ఇవన్నీ మంద లెక్కలు, నాయిన ఎన్నేళ్లుంటాడో ఏ టేపూ చెప్పదు. దానికి టెన్షన్ పడకు.

అన్నిటికంటే ముఖ్యం, పోయిన దసరాకు నాయిన ఎంత బరువున్నాడో అమ్మను అడుగు. 55 ఉండి 52కు వచ్చాడంటే, కావాలని తగ్గకుండానే ఏడాదిలో 5 శాతం దాటినట్టు. అప్పుడు పిక్క ఎంతున్నా సరే డాక్టరుకు చూపించాల్సిందే. ధోవతి కుచ్చిళ్లు ఎక్కువ పెడుతున్నాడేమో కూడా అడుగు, అమ్మకు కిలోలు గుర్తుండకపోవచ్చు.

తిండి దగ్గర రోజూ గుడ్డు, పప్పు ఆపొద్దు. పళ్లు లేవని గట్కతోనే సరిపెడుతున్నాడని నా అనుమానం. పళ్ల సెట్ కట్టించే పని నువ్వు ఎప్పటినుంచి వాయిదా వేస్తున్నవ్ రా?

ఈ ఆదివారం ఊరికి పోతే రెండు పిక్కల కొలతలు, పాత బరువు రాసి పంపు. మడమ నుంచి మోకాలి పైదాకా ఎంతుందో కూడా కొలువు, దాన్నుంచి అసలు ఎత్తు లెక్క కడతా.

నీ
యాదగిరి