ఏ నూనె తినాలో చెప్పకుండా మానేయమంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన 'నూనె మానితే గుండె పదిలం' వార్త చదివి మా కాలనీలో కొందరు చుక్క నూనె లేకుండా కూరలు వండుతున్నారు. చిన్న పిల్లలకూ అదే తిండి. నూనె మానేయమని సదస్సులో అధికారులు చెప్పిందే మీరు వేశారు, కానీ వాళ్లు చెప్పింది సగమే.

లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. కొవ్వు బొత్తిగా తీసేసిన ఎలుకలకు చర్మం పొలుసులు కట్టి ఎదుగుదల ఆగిపోయిందని 1929లోనే అమెరికా శాస్త్రవేత్తలు బర్ దంపతులు చూపించారు. లినోలిక్ ఆమ్లం నువ్వుల్లో, పల్లీల్లో, పొద్దుతిరుగుడు నూనెలో దండిగానే ఉంది. మనకు తక్కువయ్యేది రెండోది, అంటే ఒమేగా-3. పొద్దుతిరుగుడు నూనెలో అది దాదాపు ఉండదు. అవిసె గింజల్లో మాత్రం పుష్కలం. వేయించి పొడి కొట్టుకుంటే అన్నంలోకి రోజూ ఒక చెంచా చాలు. పామాయిల్‌లో సగం దాకా చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వే. దాని బదులు నువ్వుల, పల్లీల, పొద్దుతిరుగుడు నూనెలు వాడితే అది తగ్గుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకే నూనె పట్టుకోకుండా మార్చి మార్చి వాడమంటోంది. ఈ ముక్క సదస్సులో ఎందుకు చెప్పలేదు?

అసలు ప్రమాదం ఎక్కడుందో మా చౌరస్తాలో మిర్చి బండి దగ్గర నిలబడితే తెలుస్తుంది. సాయంత్రానికి మూకుడులో నూనె తారులా నల్లబడి నురగ కడుతుంది. దాన్ని పారబోయరు, పైనుంచి ఇంకో ప్యాకెట్ కత్తిరించి పోస్తారు. మేలు చేసే ఈ కొవ్వులే వేడికి ముందు చెడిపోతాయి. కాగి కాగి చెడిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఆ శాతాన్ని కొలిచే మీటరు పట్టుకుని బండి దగ్గరికి వచ్చిన అధికారిని నేనైతే చూడలేదు. సదస్సుకు, ఫొటోకు మాత్రం అందరూ వస్తారు. ఇక సాగు సంగతి. పామాయిల్ వచ్చే ఆయిల్‌పామ్ తోటలకు ప్రభుత్వం రాయితీలు ఇస్తోంది, మంచిదే. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎండాకాలం నువ్వులు వేసే రైతుకు, కుసుమ, అవిసె వేసే రైతుకు ఆ శ్రద్ధలో సగమైనా దక్కొద్దా?

ఎవరికి ఏ నూనె, ఎంత కావాలో పోషకాహార నిపుణులతో రాయించి అదే పేజీలో వేయండి. అధికారులు ముందు ఆ మూకుళ్లు తనిఖీ చేయాలి.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ