పైగౌను కత్తిరించే ముందు

చిట్టితల్లీ,

లోపలి లినెన్ గౌను పూర్తయిందన్నావు, బావుంది. ఇక దాని మీద వేసుకునే ఉన్ని పైగౌను సంగతి. ఉత్తర ఐరోపాలో వెయ్యేళ్ల కిందటి వైకింగుల కాలపు ఈ గౌను చెక్కుచెదరకుండా ఎక్కడా దొరకలేదు. అందుకని "అసలు నమూనా" అంటూ అమ్మే ప్యాటర్న్‌లకు డబ్బు పోయకు. స్వీడన్‌లోని బిర్కా సమాధుల్లో భుజం పట్టీలను ముందువైపు కలిపే కంచు బ్రూచీల (పెద్ద పిన్నుల) చిలుము పట్టి మిగిలిన పట్టీలు, ఇప్పటి జర్మనీలోని హెడెబీ రేవులో తారు పూయడానికి వాడి పారేసిన గౌను పేలిక, ఆధారాలు ఇలాంటివే. ఆ పేలికను చూస్తే గౌను గోనెసంచిలా కాకుండా ఒంటికి అతికేలా కుట్టేవారని తెలుస్తుంది. డెన్మార్క్‌లోని కోస్‌ట్రుప్ సమాధిలోదానికి ముందువైపు సన్న కుచ్చిళ్లున్నాయి. వాటి జోలికి ఇప్పుడే పోకు.

నీకు ఆరు ముక్కల లంగా కుట్టడం వచ్చు కాబట్టి కలీల (అడుగు ఘేరు కోసం పక్కన చేర్చే త్రిభుజపు ముక్కల) లెక్క కొత్తేం కాదు. ఛాతీ 90 సెంటీమీటర్లు అనుకుని చెబుతున్నాను. 150 పన్నా ఉన్న పల్చటి ఉన్ని మీటరున్నర తీసుకో. గోరువెచ్చటి నీళ్లలో తడిపి ఆరేశాకే కొలువు, లేకపోతే కుట్టిన గౌను తొలి ఉతుకుకే కుదించుకుపోతుంది.

ముందు, వెనక ముక్కలు ఒక్కోటి 52 వెడల్పు, 115 పొడవు. పక్కన 46 మిగులుతుంది, అందులో 22 × 97 ముక్కలు రెండొస్తాయి. వాటిని మూల నుంచి మూలకు కోస్తే నాలుగు త్రిభుజాలు, రెండేసి కలిపితే రెండు కలీలు. బట్ట పాడయ్యేది ఇక్కడే. రెండు ముక్కల్నీ ఒకే దిక్కుకు కోస్తే నాలుగు త్రిభుజాలూ ఒకే చేతివవుతాయి. జత కలపాలంటే ఒకదాన్ని తిరగెయ్యాలి, ట్విల్ (ఏటవాలు గీతల) నేతలో ఉల్టా వైపు పైకొచ్చి కనిపిస్తుంది. ఒకదాన్ని ఎడమ పైమూల నుంచి, రెండోదాన్ని కుడి పైమూల నుంచి కొయ్యి.

ఇంకో సంగతి. అన్ని వైపులా ఒకటిన్నర సెంటీమీటర్ల మార్జిన్ పెడితే కలీ మొనలో దాదాపు 13 సెంటీమీటర్లు కుట్లలోకే పోతాయి. 97 కోసినా పని చేసేది 83, 84 మాత్రమే. అది చాలు, నడుము కిందనుంచి మొదలై తుంటి దగ్గర వదులిస్తుంది.

రెండు త్రిభుజాల తిన్నని అంచులు కలిపితే కలీకి నడిమి కుట్టు అవుతుంది. ఐమూల (ఏటవాలుగా కోసిన) అంచులు అటూ ఇటూ ముందు, వెనక ముక్కల తిన్నని అంచులకు పోవాలి. ఐమూలకు ఐమూల కలిపావా, కుట్టు పాములా వంకర్లు పోతుంది. ఎప్పుడూ మొన నుంచి కిందికే కుట్టు. సాగిన ఎక్కువంతా అడుగుకు చేరుతుంది, అక్కడ కత్తిరించేయొచ్చు. కింది నుంచి పైకి కుడితే మొన దగ్గర ఉబ్బు తేలుతుంది, దాన్ని ఇస్త్రీ కూడా అణచలేదు.

దారం మూరెడుకు మించి తీయకు, చిక్కుపడి పోగులు లేస్తాయి. లినెన్ దారాన్ని ఒకసారి తేనెమైనం మీద లాగు. మూడు మిల్లీమీటర్ల ముందు కుట్టు (రన్నింగ్ స్టిచ్), నాలుగు కుట్లకోసారి ఒక వెనక కుట్టు. గట్టిగా లాగితే ముడతలు, మరీ వదిలేస్తే సందులు. తర్వాత మార్జిన్‌లో ఒక పొర సగానికి తగ్గించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి హెమ్మింగ్ చెయ్యి.

బరువంతా పట్టీల మీదే, రెండు బ్రూచీలూ కంచువి. పట్టీలు లినెన్‌వే పెట్టు, బిర్కాలోనూ చాలావరకు అవే. నాలుగు సెంటీమీటర్ల పీలికను రెండు అంచులూ లోపలికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే ఒక సెంటీమీటరు పట్టీ. ముందువి పొట్టి ఉచ్చులు, 12 ముక్కను రెండుగా మడిస్తే సరి. వెనకవి పొడుగు ఉచ్చులు, భుజం మీదుగా ముందుకు రావాలి. వాటిని కొలతతో కొయ్యకు, వేసుకుని టాకాలేసి చూడు. పై అంచుకు మాత్రమే కుట్టి వదిలితే ఉన్ని చిరుగుతుంది, లోపలికి మూడు సెంటీమీటర్లు దింపి చదరంగా కుట్టు. కుట్టేది లోపలి మడత పొర ఒక్కదానికే కాదు, బయటి బట్టనూ సూది పట్టుకోవాలి.

అడుగు మడవడానికి తొందరపడకు. పట్టీలు కుట్టాక గౌనును ఒక రోజంతా తగిలించి ఉంచు. కలీలు సాగి రెండు పక్కలా కిందికి జారతాయి. అప్పుడు నేల నుంచి స్కేలు పెట్టి చుట్టూ గుర్తు పెట్టించుకుని, సమంగా కత్తిరించి, మూడు సెంటీమీటర్లు లోపలికి మడువు.

అమ్మ