ఈ విడత టేకు సింహద్వారానికి పనికిరాదు: మా కస్టమర్లకు ఒక మాట

దాండేలి వైపు అటవీ శాఖ డిపో నుంచి ఈ-వేలంలో కొన్న టేకు దుంగలు బెంగళూరు చేరాయి, కోతమిల్లులో ఉన్నాయి. ఫోన్లు చేస్తున్నవాళ్లు అడిగేవి రెండే: గుమ్మం ఎప్పుడిస్తారు? గవర్నమెంటు చెక్కే కదా, రేటెందుకు తగ్గలేదు? రెండింటికీ జవాబు దుంగల లావులోనే ఉంది.

ముందు మా తప్పు ఒకటి దిద్దుకోవాలి. రేట్ల కార్డులో దీన్ని 'అడవి టేకు' అని వేశాం. కాదు, ఇది అటవీ శాఖ పెంచిన టేకు తోటలను పలచన చేసినప్పుడు వచ్చిన కలప. కొత్త కార్డులో 'ప్లాంటేషన్ టేకు, పలచన దుంగలు' అని ఉంటుంది. తనంతట తాను పెరిగిన ముదురు టేకు డిపోకు రావడమే ఇప్పుడు అరుదు. 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత కేంద్రం ఆమోదించిన, ఏ అడవిలో ఏ చెట్లు కొట్టవచ్చో చెప్పే వర్కింగ్ ప్లాన్‌లో ఉంటే తప్ప అడవిలో చెట్టు కొట్టడానికి లేదు. 2000 ఫిబ్రవరి 14 నాటి ఆదేశంతో అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో గాలికి పడిన మాను కూడా ఎత్తుకురావడం ఆగిపోయింది. దాండేలి చుట్టూ ఉన్నది కాళి పులుల అభయారణ్యం, ఆ హద్దుల్లోపలి మాను మనదాకా రాదు. కాబట్టి ఎవరైనా 'దాండేలి అడవి టేకు, ఎన్ని టన్నులైనా ఇస్తాం' అంటే కాగితాలు అడగండి.

పలచన చేయడమంటే జొన్నచేలో ఒత్తుగా ఉన్న మొక్కలు పీకేయడం లాంటిదే. రెండు మీటర్లకొకటి చొప్పున నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు. మొదటిసారి వరస విడిచి వరస తీస్తే 1,250 మిగులుతాయి, ఇంకోసారి తీస్తే 625. ఆ తర్వాత వరసలు చూడరు. వంకర తిరిగినవి, తెగులు పట్టినవి, పక్కవాటి నీడలో అణగారినవి చూసి, గుర్తు పెట్టి కొడతారు. అంటే మేలైన చెట్టు తోటలోనే నిలుస్తుంది, దాని అడ్డు తీయడానికి కొట్టింది మనకొస్తుంది. పలచన లాటులో (ఒకే పాటలో కలిపి అమ్మే దుంగల కుప్పలో) నిటారు దుంగలే ఉంటాయని ఆశపడకూడదు. పైగా ఉన్నది ఉన్నట్టుగా లాటు మొత్తం కొనాలి. నాలుగు మంచివి ఏరుకుని మిగతావి వదిలేస్తామంటే డిపోలో కుదరదు.

ఇక లావు సంగతి. దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే బిల్లు కొలత వస్తుంది. ఈ విడతలో లాంటి సన్న దుంగ, 90 సెం.మీ. చుట్టుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్నది తీసుకోండి. 0.225ను 0.225తో, ఆపైన 3తో గుణిస్తే 0.152 ఘనపు మీటర్లు, అంటే 5.36 సీఎఫ్టీ (ఘనపుటడుగులు). అసలు దుంగలో ఉన్న కలపలో ఇది 78.5 శాతమే. కోతలో పోయేదానికి కొలతలోనే కొంత వదిలేస్తారన్నమాట. కానీ సన్న దుంగకు ఆ వదులు చాలదు.

ఎందుకంటే 90 చుట్టుకొలతంటే అడ్డంగా పదకొండంగుళాల పైచిలుకు. చుట్టూ అంగుళం మేర, బెరడు కింద ఉండే, పురుగు పట్టే తెల్లచెక్క తీసేయాలి. కొసవైపు దుంగ ఇంకా సన్నబడుతుంది, అక్కడ చేవ (లోపలి గట్టి చెక్క) ఎనిమిదంగుళాలకు కాస్త ఎక్కువ. నట్టనడుమ మెత్తటి దవ్వ ఉంటుంది. దవ్వ లోపల ఉండిపోయిన కమ్మీ (గుమ్మం చట్రానికి కోసే పొడుగు చెక్క) ఆరేకొద్దీ పొడుగునా నెర్రె విడుస్తుంది, దాన్ని ఏ పాలిషూ దాచలేదు. అందుకే రంపం దవ్వ మీదుగా పోనిచ్చి రెండు కమ్మీలు తీస్తాం. అలా తీస్తే 5×3 అంగుళాలవి రెండు వస్తాయి. 5×4 రెండు రావు. ఒకటే తీస్తే దవ్వ లోపలే ఉంటుంది. రెండు 5×3 కమ్మీలూ కలిపి 2.05 సీఎఫ్టీ. మనం డబ్బు కట్టింది 5.36కి. మిగతాది కిటికీ రెక్కలకు, బీడింగులకు, వంటచెరుక్కు.

కనుక ఈ విడత చెక్క కిటికీలకు, లోపలి గదుల గుమ్మాలకు భేషుగ్గా సరిపోతుంది. సింహద్వారానికి 5×4 కావాలంటే దుంగ నడిమి చుట్టుకొలత కనీసం 110 సెం.మీ. ఉండాలి. లావు పెరిగేకొద్దీ వేలంలో ధర వేరే మెట్టెక్కుతుంది.

గవర్నమెంటు చెక్క రేషన్ బియ్యం కాదు. కనీస ధర శాఖ నిర్ణయిస్తుంది, ఆపైన పాట ఎంతకు పోతే అంత. ధరావతు ముందే కట్టాలి. పాట గెలిచినా పైఅధికారి ఖాయం చేసేదాకా దుంగ మనది కాదు. దాని మీద జీఎస్టీ, 450 కిలోమీటర్లకు పైగా లారీ బాడుగ. గడువులోగా ఎత్తకపోతే డిపో స్థలానికి అద్దె. మైసూరు రోడ్డు టింబర్ యార్డులో దిగుమతి టేకు దీనికంటే చవగ్గా దొరికితే ఆశ్చర్యపోకండి. అక్కడ కొనేటప్పుడు కూడా తెల్లచెక్క ఎంతుందో, దవ్వ ఎక్కడుందో కొస వైపు చూసుకోండి.

ముడుల గురించి. సన్న దుంగల్లో ఇవి తప్పవు. చెక్కతో కలిసిపోయిన ముడి గట్టిది, అలాగే ఉంచుతాం. చుట్టూ నల్లటి వలయం ఉంటే అది చచ్చిన కొమ్మ తాలూకు ముడి, ఆరాక ఊడిపోయి బొక్క పడుతుంది. అది కమ్మీ మధ్యలో ఉంటే ఆ కమ్మీ మీకివ్వం. తెల్లచెక్క గోడవైపు అంచున పావు అంగుళం దాకా ఉంటే ఒప్పుకోమని మా మనవి. దాన్ని బోరిక్ యాసిడ్-బోరాక్స్ ద్రావణంలో ముంచుతాం. ముంచకుండా బిగిస్తే పురుగు తొలిచి గోధుమపిండి లాంటి పొడి రాలుస్తుంది. పొడి కనిపించేనాటికి లోపల సగం పోయి ఉంటుంది.

ముహూర్తాల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. గుమ్మం నిలబెట్టే రోజు పెట్టుకుని తర్వాత మాకు ఫోన్ చేయకండి. మూడంగుళాల మందం కమ్మీ గాలికి ఆరాలంటే నెలలు పడుతుంది, కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గదిలో) పెట్టినా వారాలు. పచ్చిది బిగిస్తే అయిదంగుళాల వెడల్పులో మూడు నాలుగు మిల్లీమీటర్లు లాగేసి గోడకూ గుమ్మానికీ మధ్య సందు పడుతుంది, కమ్మీ వంగితే తలుపు బిగుసుకుంటుంది. తేమ మీటరు సూదులు పైపైనే చూపిస్తాయి. అందుకే ప్రతి విడతలో ఒక కమ్మీని అడ్డంగా కోసి నడిమిలో చూస్తాం. 12 శాతం దగ్గరికొస్తేనే తేదీ చెబుతాం, ఆ తేదీ పట్టుకుని పురోహితుడి దగ్గరికెళ్లండి. ముహూర్తం మార్చలేనివాళ్లు ఆ రోజుకు కింది గడప ఒక్కటి పూజకు తీసుకెళ్లవచ్చు, అది పాత స్టాకులోది, ఆరినది. బిగించేటప్పుడు గోడవైపు మూడు పక్కలా ప్రైమరు కొట్టించండి. పచ్చి సిమెంటు తేమను చెక్క పీల్చేస్తుంది.

'దుంగ మీద శాఖ ముద్ర చూపించండి' అని కొందరు అడుగుతున్నారు. సుత్తి ముద్ర దుంగ కొస మీద ఉంటుంది, కోతలో అది పోతుంది. మేం చూపగలిగింది డిపో బిల్లు, రవాణా పర్మిట్. దుంగ నంబరు, పొడవు, చుట్టుకొలత వాటిలో ఉంటాయి. మీ బిల్లు మీద లాటు నంబరు రాసిస్తాం, షెడ్డుకొచ్చి సరిచూసుకోవచ్చు. కాగితంలో 'సాగువాని' అని ఉంటే కంగారు పడకండి, కన్నడంలో టేకును అలాగే అంటారు.

5×4కు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు మూడు దారులున్నాయి: లావు దుంగల లాటు దొరికేదాకా ఆగడం, 5×3కు మారి తేడా వెనక్కి తీసుకోవడం, లేదా అడ్వాన్సు మొత్తం వాపసు. ఏది కావాలో ఈ నెలాఖరులోగా చెప్పండి, కిల్న్ నింపే ముందు మాకు లెక్క తేలాలి.