గాలితో పాటు చెమటనూ ఆపేసిన సైక్లింగ్ జాకెట్ గురించి ఫిర్యాదు

చిత్తూరు,
12 జనవరి 2026.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: చలికాలపు సైక్లింగ్ కోసమని అమ్మిన జాకెట్ చెమట ఆవిరిని బయటికి పంపకపోవడం, వీపు మీద గాలి ఆడే ఏర్పాటు ఉందని లేనిది చెప్పడం, మొదటి ఫిర్యాదుకు సరైన జవాబు ఇవ్వకపోవడం గురించి, సొమ్ము వాపసు, వివరణ పేజీలో సవరణ కోరుతూ.

ఆర్యా,

గత నవంబరులో మీ వెబ్‌సైటులో రూ. 6,499 చెల్లించి కొన్న సైక్లింగ్ జాకెట్ విషయమై ఈ లేఖ రాస్తున్నాను. దాన్ని మీరు మూడు మాటలు చెప్పి అమ్మారు: గాలి దూరదు, చెమట ఆవిరి లోపల నిలవదు, వీపు పైభాగంలో గాలి ఆడేందుకు జాలీ ఉంది. మొదటి మాట నిజమే. ఆ మేరకు మీ గుడ్డను నేను మెచ్చుకుంటాను కూడా. రెండో మాట నిజం కాదు. మూడోది కంటికి కనిపించే జాలీ వరకే నిజం, దాని వెనక గాలికి దారి లేదు. ఈ రెండు లోపాలూ కలిసినందువల్ల చలి నుంచి కాపాడవలసిన జాకెట్టే వణుకుకు కారణమవుతోంది. అందుకే దీన్ని చలికాలపు సైక్లింగ్ జాకెట్ అని అమ్మడం తగదని నా ఫిర్యాదు.

మీ ప్రతినిధి ఫోనులో మాట్లాడినప్పుడు, చిత్తూరులో జాకెట్ అవసరమయ్యేంత చలి ఎక్కడిదని అడిగారు. కనుక ముందుగా దానికి సమాధానం చెబుతాను. మా ఊరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే పలమనేరు 650 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. బంగారుపాళ్యం మామిడితోటలు దాటాక మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరి, మళ్ళీ అదే దారిన దిగి రావడం మా వైపు సైకిల్ తొక్కేవాళ్ళకు అలవాటైన ప్రయాణం. ధనుర్మాసంలో తెల్లవారకముందే బయలుదేరితే పైన గాలి బాగా చల్లగా ఉంటుంది. నిలబడి ఉన్న మనిషికి అది ఓర్చుకోదగిన చలే. సైకిల్ మీద దిగేవారికి మాత్రం ఎదురుగాలిని వాళ్ళ వేగమే పుట్టిస్తుంది. 2001లో అమెరికా, కెనడా దేశాలు వాతావరణ సూచనల కోసం తెచ్చిన సూత్రం ప్రకారం, 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది 6 డిగ్రీల చలిలా తెలుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ వేగం రావడానికి తొక్కనక్కరలేదు, బ్రేకు వదిలితే చాలు. మంచు కురిసే ఊళ్ళకే చలికాలపు జాకెట్ కావాలనుకోవడం సరికాదు.

అయితే గాలిని ఆపడం ఒక్కటే సరిపోదు. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను, కాబట్టి ఈ లెక్క మీ ముందు ఉంచడం నా బాధ్యత అనుకుంటున్నాను. సైకిల్ తొక్కే మనిషి ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం, మిగిలిందంతా వేడే. ఘాట్ ఎక్కేటప్పుడు పెడల్ మీద 150 వాట్లు పెడితే ఒంట్లో 450 నుంచి 600 వాట్ల వేడి పుడుతుంది. ఆ సమయంలో వేగం తక్కువ కాబట్టి గాలి ఒంటికి పెద్దగా తగలదు, వేడిని తీసుకుపోయే పని చాలావరకు చెమట మీదే పడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ల వేడి పోతుంది. పైన చెప్పిన వేడిలో తక్కువ అంకెనే తీసుకుని, అందులో సగమే చెమట ద్వారా పోవాలన్నా గంటకు 300 గ్రాములకు మించిన ఆవిరి జాకెట్ దాటి వెళ్ళాలి. అది వెళ్ళకపోతే జాకెట్ లోపలి ముఖం మీద మళ్ళీ నీరుగా మారి బనియన్‌లోకి ఇంకుతుంది. వేడిని దాటించడంలో నిశ్చలమైన గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా సమర్థమైనది. దిగడం మొదలయ్యేసరికి ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, తడిసిన బట్ట మాత్రం ఒంటికి అంటుకునే ఉంటుంది, దానికి ఆనుకుని ఎదురుగాలికి చల్లబడిన మీ గుడ్డ ఉంటుంది.

నాకు జరిగింది అదే. పలమనేరు చేరి టీ అంగడి ముందు ఆగి, చేతి అంచున ఉన్న పట్టీ వదులు చేసి చెయ్యి కిందికి వేలాడదీస్తే, మోచేతి దగ్గర నిలిచిన నీరు మణికట్టు మీదుగా ధారగా కారింది. వాన లేదు, పొగమంచు కూడా అప్పటికే విడిపోయింది. లోపలి గుడ్డ మీద వేలు పెట్టి రాస్తే తడి గీత పడింది. అక్కణ్ణుంచి దిగేటప్పుడు ఛాతీ మీద గాలి తగలలేదు గానీ, నడుము దగ్గర, భుజాల వెనక తడి బట్ట చల్లగా అతుక్కుని, ఘాట్ మలుపుల్లో బ్రేకు పట్టిన వేళ్ళు సరిగా వంగనంత వణుకు పుట్టింది. లారీలు ఎదురొచ్చే ఆ దారిలో వేళ్ళు మాట వినకపోవడం ఎంత ప్రమాదమో సైక్లిస్టుల కోసమే వస్తువులు తయారుచేసే మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చాక జాకెట్‌ను తిరగేసి చూశాను. వీపు పైభాగంలో అడ్డంగా ఒక మడత, ఆ మడత కింద జాలీ ఉన్నాయి. మీ వెబ్‌సైటులోని బొమ్మలో ఆ జాలీ లోంచి గాలి బయటికి పోతున్నట్టు బాణపు గుర్తులు వేశారు. నేను జాలీ లోపలికి వేలు పోనిస్తే రెండు అంగుళాల లోతులోనే వేలు ఆగిపోయింది. జాలీ వెనక, ముందు భాగంలో వాడిన పూత గుడ్డే ఒక్క ముక్కగా భుజం నుంచి భుజం దాకా సాగి, చుట్టూ కుట్టేసి ఉంది. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి చూసినా జాలీ దగ్గర వెలుగు చుక్కలు కనబడలేదు. అంటే ఆ జాలీ అలంకారం కోసం పైన అతికించిన పట్టీ మాత్రమే. చంకల దగ్గర ఉన్న చిన్న కంతలు నిజమైనవే, కానీ మోచేతులు ముందుకు పెట్టి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు గుడ్డ మడతపడి అవి మూసుకుపోతున్నాయి. కుట్టినవారు ఒక్కసారి జాకెట్ తొడుక్కుని సైకిల్ ఎక్కి ఉంటే ఇది తెలిసేది.

గుడ్డ విషయంలోనూ ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష చేశాను. స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పోసి, జాకెట్ చేతి భాగాన్ని మూతిమీద పరచి రబ్బరు బ్యాండుతో బిగించి, దానిపైన కొద్ది ఎడంలో చల్లని స్టీలు పళ్ళెం పట్టుకున్నాను. మీ గుడ్డ కింద నీటి బొట్లు పేరుకున్నాయి, పళ్ళెం మాత్రం పొడిగానే మెరుస్తూ ఉంది. ఒక మిత్రుడి దగ్గరున్న, ఏళ్ళ తరబడి వాడిన గాలి దూరని జాకెట్‌తో అదే గ్లాసు, అదే పళ్ళెం వాడి చేస్తే కొద్ది నిమిషాల్లోనే పళ్ళెం మసకబారింది. ఇది ప్రయోగశాల పరీక్షతో సమానమని నేను అనడం లేదు. కానీ గాలిని ఆపుతూనే ఆవిరిని పంపే గుడ్డ ఉందని, మీరు పంపినది అలాంటిది కాదని తెలియడానికి ఇది చాలు. సాగదీసిన టెఫ్లాన్‌తో చేసే సన్నని పొరలు ఈ పనిని దశాబ్దాలుగా చేస్తున్నాయి. బాబ్ గోర్ ఆ పదార్థాన్ని 1969లో కనుగొన్నారు. నీటిని ఇముడ్చుకునే రకం పాలీయురేథేన్ పొరలూ తమ పద్ధతిలో ఇదే పని చేస్తాయి. అసాధ్యమైనదాన్ని నేను అడగడం లేదు.

నా మొదటి ఫిర్యాదుకు మీ నుంచి వచ్చిన జవాబులో, దక్షిణాది గాలిలో తేమ ఎక్కువ కనుక ఏ జాకెట్ అయినా ఇలాగే ఉంటుందని రాశారు. వినడానికి సబబుగా ఉన్నా ఈ మాట నిలవదు. ఆవిరి కదిలేది లోపలి, బయటి ఆవిరి పీడనాల తేడాను బట్టి. తేమ శాతాన్ని మాత్రమే చూస్తే అది తెలియదు. చెమట పట్టిన 33 డిగ్రీల చర్మం దగ్గర ఆవిరి పీడనం సుమారు 5 కిలోపాస్కళ్లు. 15 డిగ్రీల తెల్లవారుజామున గాలిలో తేమ నూటికి నూరు శాతం ఉన్నా ఆ పీడనం 1.7 కిలోపాస్కళ్లు దాటదు. జాకెట్ లోపలి ముఖం చర్మమంత వెచ్చగా ఉండదన్నది నిజమే. అది 20 డిగ్రీలకు చల్లబడిందనుకున్నా అక్కడ 2.3 కిలోపాస్కళ్ల దాకా ఉంటుంది కనుక దారి అప్పటికీ బయటికే. దారి ఉన్నప్పుడు వెళ్ళనివ్వనిది గుడ్డే కానీ మా ఊరి గాలి కాదు.

అదే జవాబులో, లోపల తక్కువ బట్టలు వేసుకోమని, ఎక్కేటప్పుడు జిప్పు తీసుకోమని సలహా ఇచ్చారు. లోపల నేను వేసుకున్నది ఒక్క పలుచని బనియన్. జిప్పు తీయడం మంచి పద్ధతే, అందరూ చేసేదే. కానీ జిప్పు తీస్తే చెమట ఆరడానికి ఏ ప్లాస్టిక్ వానకోటు అయినా సరిపోతుంది కదా! మీరు ఆరువేలకు పైగా తీసుకున్నది గుడ్డ చేయవలసిన పనికి. బట్టల మృదుత్వం కోసం వాడే ద్రావణాల వల్ల పొర మూసుకుపోయి ఉండవచ్చని కూడా రాశారు. జాకెట్‌ను నేను ఇంతవరకు నీళ్ళలో ముంచనే లేదు.

ఇక అసలు అంకె సంగతి. లోపలి లేబుల్ మీద 10,000 గ్రాములు అని అచ్చు వేశారు. ఒక చదరపు మీటరు గుడ్డ గుండా 24 గంటల్లో దాటే ఆవిరి బరువు అది. దాన్ని ఏ పద్ధతిలో కొలిచారో లేబుల్ మీద గానీ, వెబ్‌సైటులో గానీ, మీ జవాబులో గానీ లేదు. జపాన్ ప్రమాణం జేఐఎస్ ఎల్ 1099లోనే ఏ-1, బీ-1 అని వేర్వేరు పద్ధతులున్నాయి. గుడ్డకు నీరు తగిలేలా ఉంచి, అవతల పొటాషియం ఎసిటేట్ ద్రావణంతో ఆవిరిని లాగించే బీ-1 పద్ధతిలో, అదే గుడ్డకు ఏ-1 కంటే కొన్ని రెట్లు పెద్ద అంకె రావచ్చు. పద్ధతి చెప్పని అంకెను చూసి రెండు జాకెట్లలో ఏది మేలో ఎంచుకోవడం కొనేవారికి సాధ్యం కాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11092 ప్రకారం ఆవిరికి గుడ్డ కలిగించే నిరోధాన్ని కొలిచి ఆర్ఈటీ అనే విలువ ఇస్తారు. అది 6 కంటే తక్కువైతే శ్రమపడే పనికి చాలా మంచిదని, 20 దాటితే ఆవిరి బయటికి పోవడం పనికిరానంత తక్కువని పరిశ్రమలో అందరూ ఎరిగినదే. అలాగే గాలి ఎంత దూరుతుందో చెప్పే ఐఎస్ఓ 9237 పరీక్ష ఉంది. ఈ రెండు విలువలూ పక్కపక్కన ఇస్తే, చలికాలంలో సైకిల్ తొక్కేవారికి ఎంపిక ఎంతో తేలికవుతుంది. గాలి బొత్తిగా దూరని గుడ్డ కావాలా, కొంచెం దూరినా ఒళ్ళు ఆరే గుడ్డ కావాలా అన్నది వాళ్ళ దారిని బట్టి వాళ్ళే తేల్చుకుంటారు.

నా మట్టుకు నాకు, ఎక్కడం దిగడం రెండూ ఉన్న దారికి, ఛాతీ, భుజాలు, చేతుల ముందు భాగంలో గాలి దూరని గుడ్డ, వీపుకు నిజమైన జాలీ లేదా సాగే అల్లిక ఉన్న జాకెట్ సరైనదని అనిపిస్తుంది. ఎదురుగాలి తగిలేది ముందువైపే, వీపు మీద చెమటకు దారి కావాలి. పూర్వం యూరప్ సైకిల్ పందేల్లో కొండ శిఖరం దగ్గర సైక్లిస్టులు వార్తాపత్రిక అందుకుని జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకుని దిగేవాళ్ళు. వీపు మీద ఎవరూ పెట్టుకోలేదు. మీ బొమ్మలో బాణపు గుర్తులు చూపింది కూడా ఇలాంటి జాకెట్‌నే, అందుకే కొన్నాను.

కనుక నా విన్నపాలు ఇవి. జాకెట్ పూర్తి ధరను, తిరిగి పంపే ఖర్చు నా మీద పడకుండా, వాపసు చేయండి. ఇదే నమూనాలో మరో జాకెట్ పంపుతామని మీరు రాసిన ప్రతిపాదనను నేను అంగీకరించడం లేదు, లోపం ఒక్క జాకెట్‌ది కాదు కుట్టిన తీరుది. వెబ్‌సైటులో వీపు జాలీ గురించిన మాటలను, బాణపు గుర్తుల బొమ్మను తొలగించండి, లేదా జాలీ వెనక గుడ్డ తీసివేసి ఆ మాటను నిజం చేయండి. 10,000 అంకె పక్కన పరీక్ష పద్ధతి పేరు రాయండి, ఆ పరీక్ష నివేదిక నకలు నాకు పంపండి. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరిదే. సొమ్ము ఒక్కటే తిరిగి వచ్చి పేజీ అలాగే ఉంటే, రేపు మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కే మరొకరు ఇదే నమ్మి కొని, ఇలాగే వణుకుతూ దిగుతారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు గురించి తప్పుడు వర్ణన ఇవ్వడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని చెబుతున్నాయి. ఆ గడువు వరకు నేను వేచి ఉంటాను. అప్పటికీ పరిష్కారం రాకపోతే, కొనుగోలుదారు నివసించే చోటే ఫిర్యాదు చేయడానికి చట్టం వీలు కల్పించింది కాబట్టి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అంతదాకా రాకుండా మీరే సరిదిద్దుతారని ఆశిస్తున్నాను.

జాకెట్ ఉతకకుండా, లేబుల్ తొలగించకుండా, కొన్నప్పటి సంచిలోనే భద్రంగా ఉంది. మీ మనిషి ఎప్పుడు వచ్చినా అప్పగిస్తాను. అప్పగించే ముందు జాలీ వెనక ఉన్న గుడ్డను వారి చేతే తడిమించి, చూసినట్టు రాతపూర్వకంగా తీసుకుంటాను. దయచేసి ఆ మేరకు వారికి ముందుగా చెప్పి పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
చిత్తూరు.

జతపరచినవి: బిల్లు నకలు, లోపలి లేబుల్ ఫోటో, జాలీ వెనక గుడ్డ కనిపించేలా తీసిన ఫోటోలు, మీ జవాబు నకలు.