కాసినో లెక్కల్లో పందెం వేరు, రాబడి వేరు

సంపాదకులకు నమస్కారములు.

అమెరికా కాసినోల గురించి మన పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా 'వేల కోట్ల వ్యాపారం' అన్న మాట కనిపిస్తుంది గానీ, ఆ కోట్లు జనం కాసిన పందేలా, కాసినోకు మిగిలిన సొమ్మా అన్నది తేలదు. చాలా ఏళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ, ఇక్కడి ప్రభుత్వం నెలనెలా బయటపెట్టే లెక్కలను వదలకుండా చూసే పాఠకుడిగా ఈ తేడాను మీ దృష్టికి తెస్తున్నాను.

న్యూజెర్సీలో 1976 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో ఒక్క అట్లాంటిక్ సిటీలోనే కాసినోలకు అనుమతి వచ్చింది. మొదటిది 1978 మే నెలలో తెరుచుకుంది. కాసినోల మీద నిఘా ఉంచే రాష్ట్ర గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం ప్రతి నెల మధ్యలో, అంతకు ముందు నెల రాబడిని కాసినోల పేర్లవారీగా, డబ్బు వేసి మీట నొక్కి ఆడే స్లాట్ యంత్రాలకు ఒక గడి, బల్లల మీది ఆటలకు ఒక గడి చొప్పున ప్రకటిస్తుంది. నెవాడా రాష్ట్రం కూడా నెలవారీ నివేదిక ఇస్తుంది గానీ, లాస్ వేగాస్ స్ట్రిప్, రీనో అంటూ ప్రాంతాలవారీగానే ఇస్తుంది. ఫలానా కాసినోకు ఎంత వచ్చిందో చెప్పదు. ఈ విషయంలో న్యూజెర్సీ పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఈ లెక్కల్లో 'రాబడి' అంటే ఆడినవాళ్లు గెలిచింది వాళ్లకు చెల్లించాక కాసినోకు మిగిలింది, అంటే జనం పోగొట్టుకున్నది. కొన్నేళ్ల క్రితం మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు, తోటి పెద్దవాళ్లతో కలిసి బస్సులో అట్లాంటిక్ సిటీ వెళ్లి, స్లాట్ యంత్రం దగ్గర 40 డాలర్లు పోగొట్టుకుని వచ్చారు. 'ఆ డబ్బు ఎవరికి చేరినట్టురా?' అని రెండు రోజులు అడుగుతూనే ఉన్నారు. తరువాతి నెల పట్టిక వచ్చాక, ఆ కాసినో పేరు ఎదురుగా ఉన్న స్లాట్ అంకె చూపించి, మీ 40 డాలర్లూ ఇందులోనే ఉన్నాయి నాన్నా అన్నాను. దాని మీద 8 శాతం పన్ను, అంటే 3 డాలర్ల 20 సెంట్లు, వృద్ధులకూ వికలాంగులకూ మందులు, రవాణా వంటి సాయాలకు కేటాయించిన నిధికి వెళుతుందని చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు.

పందేనికీ రాబడికీ ఎంత దూరమో క్రీడా పోటీల మీద కాసే పందేల్లో బాగా తెలుస్తుంది. 2024లో న్యూజెర్సీలో క్రీడల మీద కాసిన పందేలు 1,200 కోట్ల డాలర్లు దాటాయి. నిర్వాహకులకు మిగిలింది దాదాపు 109 కోట్లు. మొదటి అంకెను ఆదాయమని రాస్తే పది రెట్లకు పైగా తప్పు. అదే ఏడాది అట్లాంటిక్ సిటీ కాసినోల హాళ్లలో రాబడి సుమారు 282 కోట్ల డాలర్లు కాగా, ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడిన కాసినో ఆటల రాబడి 239 కోట్లకు చేరింది. బస్సెక్కి వెళ్లే మనిషి 40 డాలర్లు పోగొట్టుకుని తిరిగొస్తాడు. పడకగదిలో ఫోను పట్టుకున్నవాడిని ఆపేవారెవరు? నన్ను కలవరపెట్టే అంకె ఇదే.

ఒక నెల పెరుగుదలను చూసి వార్త రాయడమూ సరికాదు. ఆ నెలలో శని, ఆదివారాలు ఎన్ని పడ్డాయన్న దానిబట్టి కూడా రాబడి మారుతుంది కనుక, నిరుటి అదే నెలతో పోల్చాలి. ఏళ్ల తరబడి వరస చూడాలి. 2006లో దాదాపు 520 కోట్ల డాలర్లున్న అట్లాంటిక్ సిటీ రాబడి, పక్కనున్న పెన్సిల్వేనియాలో కాసినోలు తెరిచాక ఏటేటా కరిగిపోయి, 2014 నాటికి సగానికి కాస్త పైన నిలిచింది. ఆ ఒక్క ఏడాదే నాలుగు కాసినోలు మూతపడి వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఏళ్లుగా ఆ పట్టికలు చూస్తున్నవారికి అది హఠాత్తుగా వచ్చిన వార్త కాదు.

మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు, ఏటా 45 కోట్లమంది సుమారు 20,000 కోట్ల రూపాయలు నష్టపోతున్నారన్న ప్రభుత్వ అంచనా వెలువడింది. అది అంచనా మాత్రమే. 2023 అక్టోబరు నుంచి ఈ ఆటల్లో జమచేసిన సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వసూలైంది గనుక, ఏ కంపెనీకి ఎంత జమ అయిందో పన్ను ఖాతాల్లో ఉండే ఉంటుంది. ఆ లెక్కను కంపెనీలవారీగా, వీలైతే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల వాటా విడిగా చూపిస్తూ ప్రకటించమని మీ పత్రిక కేంద్ర ఆర్థిక శాఖను అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ