ఏ పిట్ట ముక్కు పెరిగింది మామయ్యా?

ఒరేయ్ జిరాఫీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను, ఆ కాగితాలు ఇంకా డైరీలోనే ఉన్నాయి. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. నా ట్రాన్స్‌ఫర్ సంగతి తేలలేదు. నువ్వడిగిన ఫోటోలు వెతకాలి, వెతుకుతాను. వార్తలు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. నీకు నేనో క్షమాపణ బాకీ పడ్డాను. నీకా పేరు పెట్టినందుకు.

పదో తరగతిలో "జిరాఫీ పై కొమ్మల ఆకుల కోసం మెడ సాచి సాచి, చివరికి మెడ పొడుగైంది" అని రాశావు కదా. సారు అది చదివి వినిపిస్తే అందరికంటే ముందు నవ్విందీ, ఆ పేరు నీకు తగిలించిందీ నేనే. మీ ఆవిడకు కూడా పెళ్లిపీటల దగ్గరే చెప్పేశాను. పోయిన ఆదివారం అచ్చంగా అదే తప్పు నేను చేశానురా! పైగా పదకొండేళ్ల పిల్ల ముందు.

మా మేనకోడలు సెలవులకు వచ్చింది. నువ్వు చూసినప్పుడు ఉయ్యాల్లో ఉండేది, ఇప్పుడు నోరు తెరిస్తే ప్రశ్నే. ప్రకృతి వరణం (నేచురల్ సెలక్షన్) పాఠం చెప్పమంది. సరే, పుస్తకంలో ఉన్నది కాకుండా కళ్లముందు జరిగిన కథ చెబుదామని పసిఫిక్ సముద్రంలో ఉండే గలాపగస్ దీవుల ఫించ్ పిట్టల సంగతి ఎత్తుకున్నాను. అక్కడ డాఫ్నీ మేజర్ అని బుల్లి దీవి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే భార్యాభర్తలు 1973 నుంచి ఏటేటా వెళ్లి, పిట్టలను పట్టుకుని, కాళ్లకు రంగు రింగులు తొడిగి, ముక్కులు కొలిచి వదిలేవాళ్లు. దాదాపు నలభై ఏళ్లు అదే పని! మనం నలభై రోజులు డైరీ రాయలేకపోయాం.

1977లో అక్కడ వాన ముఖం చాటేసింది. ఆ సీజను మొత్తానికి 24 మిల్లీమీటర్లు. మెత్తని చిన్న గింజలన్నీ పిట్టలు ముందే ఏరుకు తినేశాయి. మిగిలినవి ఎక్కువగా పెద్దవీ గట్టివీ. వాటిలో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? పల్లేరు! మన పల్లేరుకు దాయాది మొక్క. అదేరా, నీ అరికాల్లో దిగితే ఒంటికాలి మీద గెంతుతూ రనౌటయ్యావే, ఆ జాతి కాయ. (ఆ రనౌట్ మాత్రం నేను మర్చిపోను. అది కాయ తప్పు కాదు, నీ తప్పే.) నీ కాల్లోంచి లాగాక ఆ ముక్కను రాయితో కొట్టినా చితకలేదు, గుర్తుందా? పదిహేను గ్రాముల పిట్ట దాన్ని ముక్కుతో చీల్చి లోపలి గింజ తీసుకోవాలి. ముక్కు మందంగా ఉన్నవాటికి అది సాధ్యమైంది. సన్న ముక్కువి అవస్థపడ్డాయి. దీవి మీద సుమారు 1,200 మధ్యరకం నేల ఫించ్‌లుండేవి, ఏడాది చివరికి దాదాపు 180 మిగిలాయి. మిగిలినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ.

ఇంతవరకు బాగానే చెప్పాను. ఆ తర్వాత నోరు జారాను. "చూశావా, గట్టి గింజలు తినాల్సి వచ్చేసరికి పిట్టల ముక్కులు పెరిగాయి" అన్నాను.

అది పెన్సిలు కొరుకుతూ, "ఏ పిట్ట ముక్కు పెరిగింది మామయ్యా?" అంది.

ఏ పిట్టది? నోట మాట రాలేదు. ఏ పిట్టదీ పెరగలేదు! రింగున్న పిట్టను ఎండకు ముందు కొలిచినా తర్వాత కొలిచినా దాని ముక్కు దానిదే. సగటు పెరిగింది, ముక్కు పెరగలేదు. ఇన్నేళ్లు నిన్ను ఎక్కిరించినవాణ్ని, లోపల నేనూ జిరాఫీనే. ఒకటి చెప్పనా, లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, అంతటివాడు కూడా 1809లో నీలాగే అనుకున్నాడు. ఇక నుంచి నువ్వు తలెత్తుకుని తిరగొచ్చు, మెడ సాచి మరీ.

పరువు దక్కించుకోవడానికి పది చీటీలు చింపాను. ఒక్కో చీటీ ఒక పిట్ట, దాని మీద ముక్కు మందం మిల్లీమీటర్లలో. రెండు 8లు, నాలుగు 9లు, రెండు 10లు, రెండు 11లు. సగటు తీయమంటే 9.4 అంది. ఇప్పుడు కరువు. రెండు 8లూ పోయాయి, 9ల్లో మూడు పోయాయి, ఒక 10 పోయింది. ఒక 11ను కూడా పక్కన పడేయమంటే పేచీ. "అది పెద్ద ముక్కుది కదా, ఎందుకు చస్తుంది?" గుడ్లగూబ ఎత్తుకుపోయింది అన్నాను. పెద్ద ముక్కున్నంత మాత్రాన చావు తప్పుతుందని రాసివ్వలేదు ఎవరూ, కాస్త తక్కువమంది పోతారంతే. మిగిలినవి 9, 10, 11. సగటు 10. ఒక్క చీటీ మీద కూడా అంకె దిద్దలేదు, సగటు మాత్రం లేచి కూర్చుంది! ఆ మూడు చీటీలకేసి అలా చూస్తూ ఉండిపోయానురా. కాస్త దిగులేసింది కూడా. పక్కన ఏడు చీటీలు కుప్పగా పడి ఉన్నాయి. "నెగ్గుకొచ్చినవాడిదే బతుకు" అని గొప్పగా అంటాం గానీ, ఆ మాట వెనకాల ఆ కుప్ప ఉంటుంది.

సరేలే. ఇంతటితో అయిపోలేదు. పెద్ద ముక్కు తల్లిదండ్రులకు పుట్టే పిల్లలు కూడా అలాగే ఉండకపోతే ఈ చావులన్నీ వృథా, మరుసటి తరంలో సగటు మళ్లీ మొదటికే వస్తుంది. గ్రాంట్ దంపతులు తల్లిదండ్రులవీ, పిల్లలవీ కూడా కొలిచి ఉంచారు. ముక్కు మందం బాగానే వారసత్వంగా వస్తోంది. 1978లో పుట్టినవాటి ముక్కులు కరువుకు ముందున్నవాటికంటే సుమారు 4 శాతం మందం. అంటే మూడు ఉండాలన్నమాట: ఒకదానికొకటి తేడా, ఆ తేడా వల్ల బతుకులో తేడా, ఆ తేడా పిల్లలకు అందడం. ఒక్కటి లేకపోయినా కథ నడవదు.

"మరి వరణం అంటే ఎంచుకోవడం కదా, ఎంచుకునేది ఎవరు?" అని ఇంకో ప్రశ్న. స్వయంవరంలోలాగా దండ పట్టుకుని ఎవరూ నిలబడలేదమ్మా అన్నాను. ఈ మాట బాగానే పేలింది, నీ దగ్గర కూడా వాడతాను చూడు.

అప్పట్నుంచి నాకు మన మాటల మీదే అనుమానం పట్టుకుంది. "దోమలు మందుకు అలవాటు పడిపోయాయి" అంటామా? ఏ దోమా అలవాటు పడదు. మందుకు చావని దోమలు కొన్ని ముందే ఉంటాయి, చచ్చేవి చచ్చాక వాటి పిల్లలే మిగులుతాయి. యాంటీబయాటిక్స్ సంగతీ ఇంతే. పోయినసారి నువ్వు జ్వరం తగ్గింది కదా అని... అది వద్దులే, ఫోన్‌లో తిడతాను.

చీటీల దగ్గరికి వస్తాను. ఏరి డబ్బాలో వేస్తుంటే ఒకటి తక్కువ. తొమ్మిదే ఉన్నాయి. మంచం కింద కూడా వెతికాను. సరే పోనీ అని కథ ముందుకు నడిపాను. 1983లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కడం, వచ్చి ఆ దీవి మీద కుంభవృష్టి. తీగలు అల్లుకుని పల్లేరును కప్పేశాయి, ఎక్కడ చూసినా చిన్న చిన్న గింజలే. ఆ తర్వాత మళ్లీ ఎండ కాసేసరికి ఈసారి చిన్న ముక్కులవే ఎక్కువగా బతికాయి. సగటు వెనక్కి తిరిగింది.

అది వినగానే లేచి వెళ్లి, పెన్సిల్ బాక్సులోంచి మడతపెట్టిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. 8.

"పాపం అనిపించి దాచాను" అంది.

దానికి తెలియదు గానీ నిజం దీవి మీదా అంతే జరిగింది. కరువులో చిన్న ముక్కులవి పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు, పుట్టే పిల్లల్లోనూ తేడాలు వస్తూనే ఉన్నాయి. అందుకే తర్వాత వెనక్కి తిరగడానికి సరుకు మిగిలింది. ఈ సంగతి చెప్తే, "అయితే నా ఆటే కరెక్టు, నీ ఆట తప్పు" అని తేల్చేసింది. ఆ లెక్కన సగటు మళ్లీ తీయాలట. 8, 9, 10, 11. తొమ్మిదిన్నర. అప్పుడు నేను చెప్పిన...

అదిగో, పిలుస్తోంది. ఇవాళ ఊరెళ్లిపోతోంది, బస్సుకు పావుగంటే ఉంది. తుఫానుల్లో చెట్లను కరుచుకుని బతికిన బల్లుల కథ ఇంకా మిగిలే ఉంది, వాటిని పట్టుకొచ్చి ఆకులు ఊదే మిషన్ ముందు పెట్టారట, నవ్వి చస్తావు. వచ్చే ఉత్తరంలో. ఆ 8 చీటీ మాత్రం నాకివ్వనంటోంది, బ్యాగులో


నీ
ఇంకో జిరాఫీ